పూనిక, పూనకము

తెలుగున పూను అను క్రియ యొకటి గలదు. మనుష్యుడొక పనిని తన భారముగా ఎత్తికొనినపుడు పూనెననియు, పూనుకొనెననియు అందుము. ఆ క్రియనుండి పూనిక అను నామము వచ్చినది. యత్నము, సంకల్పము, పట్టుదల యని దానికర్థములు. ఆ క్రియనుండియే పూనకము అను నామమును వచ్చినది. గ్రామదేవత యొకని మీదికి వచ్చి వాని నోట మాటలాడుటకు ఆ పేరు. మొదటిదానిలో మనుష్యుడు పనిని పట్టుకొనుచున్నాడు. రెండవదానిలో వానిని మఱియొకటి పట్టుకొనుచున్నది. మూలమొక్కటే. పట్టినదెవరు, పట్టుబడినదెవరు అనుటయందే భేదము.

ఒక న్యాయమునకై స్వలాభమును విడిచి, ఉడుకెత్తిన హృదయముతో నిలుచువానిని గూర్చి చెప్పుటకు మన భాషలో మాటలు కొల్లలుగా నున్నవి. ఉత్సాహము, ఆవేశము, ఉద్రేకము, దీక్ష, ఆశయము, ఆదర్శము, త్యాగము, తపన, ఉన్మాదము, చివరకు పిచ్చి. నిఘంటువులలో వీనిలో ననేకము లొకదానికొకటి పర్యాయపదములవలె కూర్చుండును. వాడుకలో అట్లు కాదు. కొన్ని పూనికవైపునను, కొన్ని పూనకమువైపునను నిలుచును. ఎవనికి ఏ మాట దక్కుననునది వాని గుణమును బట్టి గాక, తఱచుగా వాని అంతస్తును బట్టియే నిర్ణయమగుచున్నదని మా యభిప్రాయము. అర్జీలు వ్రాయువారును, పత్రికలకు వార్తలు పంపువారును, సభలకు అధ్యక్షత వహించువారును చదువుకొన్నవారే గదా. కావున ఈ విచారణ ముఖ్యముగా మనకే అవసరము.

ఉదాహరణములను మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమనున్న నేలనుండి తీసికొందుము. పలాస, టెక్కలి, మందసా, సోంపేట, ఉద్దానపు తీరము: ఇవి 1936వ సంవత్సరము వఱకు గంజాము జిల్లాలో నుండినవి, పిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడినప్పుడు దాని భాగములైనవి. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలను చూచినవారికి ఆ వ్యుత్పత్తిని శంకింప బుద్ధి పుట్టదు. ఇచ్చట ఈ మాటలు సభాలంకారములు కావు. ఇట్టి మాటలతో పిలువబడినవారు కొందఱు తుపాకి గుండ్లకు కూలియున్నారు.

ఆవేశమను మాటను మొదట చూతము. లోపల ప్రవేశించుట యని దాని మూలార్థము. భూతావేశము, గ్రహావేశము అని వైద్యగ్రంథములలోను మంత్రగ్రంథములలోను వాడబడినది ఈ యర్థముననే. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరవంటి జాతరలను చూచినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. డప్పు మ్రోగును, సాంబ్రాణి పొగ లేచును, ఒకరు ఊగనారంభింతురు. అప్పుడు పలికెడు మాట వారి మాటగాదు, అమ్మవారి మాట. దానికి వారు బాధ్యులు కారు. మఱునాడు ఆ మాటను గూర్చి వారిని నిలదీయువారును ఉండరు. ఇట్టి మాట ఇరువదవ శతాబ్దమున రాజకీయసభలలోనికి వచ్చి, వక్త ఆవేశముతో మాటలాడెను, యువకులు ఆవేశపరులు అను వాడుక స్థిరపడినది. అర్థము మాఱినది గాని పాత వాసన పోలేదు. ఆవేశపరుడనగానే వాడు చెప్పినది ఏమనికాక, ఎట్లు ఊగెనను ప్రశ్నయే ముందు పుట్టును. ఆవేశము దిగిన పిమ్మట మాటలాడుదమనువారును గలరు. జ్వరమునకువలె దానికిని దిగుడున్నదని మన నమ్మకము.

యూరపు ఖండమునను ఈ కథయే మఱియొక రీతిగా నడచినది. ఎంథూజియాజమ్ అను మాటకు గ్రీకుభాషలో దేవుడు లోపలనున్న స్థితి యని యర్థము. మన ఆవేశమునకు అది తోబుట్టువు. పదునేడవ శతాబ్దపు ఇంగ్లాండులో అది తిట్టు. ఈశ్వరుడు తమతో నేరుగా మాటలాడుచున్నాడని చెప్పుకొను సామాన్యులను, చర్చి కట్టుబాట్లు దాటువారిని ఆ పేరున ఎత్తిపొడిచెడివారు. జాన్ లాకు తన ప్రసిద్ధగ్రంథపు నాల్గవ ముద్రణమున, 1700లో, దీనిని ఖండించుచు ఒక అధ్యాయమునే చేర్చెను. ఎనిమిదేండ్లకు షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఈ విషయముననే ఒక లేఖ ప్రకటించి, ఇట్టివారిని శిక్షించుటకంటె పరిహాసముతో చల్లార్చుట మేలని వాదించెను. జర్మనీలో లూథరు తనను మించి పోవుచున్న తీవ్రవాదులను తేనెటీగల గుంపువలె ముసురువారను అర్థమిచ్చు మాటతో పిలిచెను. ఫెనటిక్ అను మాట లాటినులో దేవాలయమను పదమునుండి పుట్టినది. చూడుడు, ఇన్ని మాటలును దేవునితోనో గుంపుతోనో ముడిపడినవే. ఒంటరిగా కూర్చుండి ఆలోచించు పెద్దమనుష్యుని కొఱకు పుట్టినది వీనిలో ఒకటియు లేదు. తరువాతి కాలమున ఎంథూజియాజమ్ తన మచ్చ కడిగికొని ఉద్యోగపు దరఖాస్తులలో వ్రాసికొనదగిన సద్గుణమైనది. మన ఆవేశమునకు ఆ భాగ్యము పట్టలేదు. మనకు ఆ గౌరవస్థానమున ఉత్సాహమను మాట ముందే యుండెను.

ఉత్సాహము శాస్త్రము చదివిన మాట. భరతుని నాట్యశాస్త్రమున వీరరసమునకు స్థాయిభావము ఉత్సాహము, రౌద్రమునకు క్రోధము. ఈ విభాగము సూక్ష్మమైనది. యుద్ధము రెంటియందును ఉండవచ్చును, రక్తము రెంటియందును చిందవచ్చును. అయినను వీరుని లక్షణములలో అసమ్మోహము, అనగా తెలివి తప్పకుండుట, మొదట చెప్పబడినది. అధ్యవసాయము, నయము, వినయము కూడ చెప్పబడినవి. వీరుడు ఊగువాడు కాడు; ఏమి చేయుచున్నాడో ఎఱిగి చేయువాడు. ఇంతవఱకు శాస్త్రమునకు మేము నమస్కరింతుము. కాని ఆ శాస్త్రమే వీరము ఉత్తమప్రకృతులకు చెందినదనియు, రౌద్రము రాక్షసులకును దానవులకును ఉద్ధతులైన మనుష్యులకును చెందినదనియు విధించినది. నాటకమున పాత్రలకు వేషములు నిర్ణయించుటకు ఇది పనికివచ్చును. ఆ విధిని నాటకశాలనుండి ఊరిలోనికి తెచ్చినప్పుడే చిక్కు. జమీందారు కుమారుడు స్వదేశీ వస్త్రము ధరించినచో ఉత్సాహవంతుడు. ఆ జమీందారు రైతు పన్ను తగ్గింపుమని అడిగినచో ఉద్ధతుడు. భరతుని పేరెఱుగనివారు కూడ భరతుని ఈ పంపకమును తప్పక పాటించుచుండిరి.

న్యాయవాదవృత్తిలో నున్నవారమగుటచేత ఉద్రేకమను మాటను గూర్చి కొంత యెక్కువగా చెప్పవలసియున్నది. మితిమీరుట, పొంగిపొరలుట దాని యర్థము. 1860వ సంవత్సరపు భారతశిక్షాస్మృతిలోని 300వ సెక్షను మొదటి మినహాయింపు ననుసరించి, తీవ్రమును ఆకస్మికమునైన ఉద్రేకమున తన్ను తాను నిగ్రహించుకొనలేక ఒకడు మఱియొకని చంపినచో, అది హత్య క్రిందికి రాక తక్కువ నేరమగును. 2024వ సంవత్సరము జులై 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఈ మినహాయింపును నిలిపియున్నది. అనగా బోనులో నిలిచిన ఒంటరివానికి ఉద్రేకము ఒక రక్ష. ప్లీడరు దానిని ఋజువుచేయుటకు చెమటోడ్చును. ఆ మాటనే తీసికొనిపోయి అయిదుగురికి పైబడిన జనముమీద పెట్టుడు. ఉద్రిక్తులైన జనసమూహము అని నివేదికలో వ్రాయుడు. ఇప్పుడది రక్ష కాదు, కాల్పులకు సమర్థనము. ఒకనికి శిక్ష తగ్గించు మాట పలువురకు ప్రాణహరమగుచున్నది. కారణము స్పష్టమే. ఒంటరివాని ఉద్రేకమునకు హేతువేమని న్యాయస్థానము అడుగును. ఎవరు రెచ్చగొట్టిరి, ఎంతసేపటి క్రిందట, ఏ మాటతో అని సాక్షులను పిలుచును. గుంపు ఉద్రేకమునకు హేతువును అడుగు ఆచారము లేదు. అది మబ్బువలె తనంతట తానే కమ్మినదని అనుకొందుము.

మందసా సంగతి తీసికొనుడు. ఆ జమీందారీలో అడవి ఎవరిదను తగవు చాలకాలమునుండి నలుగుచుండెను. 1908వ సంవత్సరపు మద్రాసు ఎస్టేటుభూముల చట్టము రైతునకు భూమిపై కొంత హక్కు నిచ్చినది గాని, నాగలికొయ్యకును వంటచెఱకునకును ఆకునకును అడవికి పోవు సంగతిలో జమీందారు మనుష్యుల మాటయే చెల్లుచుండెను. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గము ప్రకాశముగారి అధ్యక్షతన జమీందారీల విచారణకు సంఘమును నియమించెను. సంఘము రైతుపక్షమున నివేదిక నిచ్చెను. అది చట్టము కాకమునుపే 1939వ సంవత్సరము అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా చేసెను. 1940 మార్చిలో అఖిలభారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగినది. ఈ క్రమమును దృష్టియందుంచుకొని చూడుడు. వాగ్దానము, విచారణ, నివేదిక, నిరాశ, సభ. అటుపిమ్మట రైతులు అడవిలోనికి పోయి కఱ్ఱ కొట్టిరి. పోలీసులు గ్రామమునకు వచ్చి కొందఱిని పట్టుకొనిరి, గ్రామస్థులు అడ్డగించిరి. ఏప్రిల్ 1వ తేదీన కాల్పులు జరిగి సాసుమాన గున్నమ్మయు మఱికొందఱును మరణించిరి.

గున్నమ్మను నేడు వీరగున్నమ్మ యందురు. ఆ బిరుదమును మేము కాదనము. కాని ఆమెను గూర్చి చెప్పువారు తఱచుగా ఆమె ఆవేశముతో పోలీసుల నెదిరించినదనియు, వీరావేశము నొందినదనియు, కాళివలె లేచినదనియు చెప్పుటను గమనింపుడు. పొగడుటకే ఈ మాటలు. అయినను వీని ఫలమేమి? ఆమెకు పూనకము వచ్చినది, ఆమె లోపలికి ఎవరో ప్రవేశించిరి, ఆమె కాదు నిలిచినది! అడవికఱ్ఱపై తన యింటికి హక్కున్నదని ఆమె యెఱుగును. పట్టుకొని పోబడుచున్నవారు ఆ హక్కునకై పోయినవారే యనియు ఎఱుగును. తుపాకి యేమి చేయునో ఎఱుగని వయసు కాదు. భరతుడు చెప్పిన అసమ్మోహము ఇది కాక మఱియేది? ఎనిమిదేండ్లకు, 1948లో, మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టమును చేసినప్పుడు సభ్యులు విస్తారముగా వాదించి ఒప్పుకొనినది, మందసా రైతులు గొడ్డలితో ముందుగా చెప్పిన విషయమే. సభ్యులది విధానమనిరి. రైతులది ఆవేశమనిరి.

ఇక దీక్ష. ఈ మాటపై మాకు ప్రత్యేకాదరము గలదు. సోమయాగమునకు ముందు యజమానుడు నియమములు గైకొనుట మొదట దీక్ష. దానికి ఆరంభమున్నది, అవభృథస్నానముతో అంతమున్నది. కంకణము కట్టుకొనుట అను పలుకుబడియు ఇట్టిదే. పెండ్లికిని వ్రతమునకును కంకణము కట్టుదురు, పని ముగిసినపుడు విప్పుదురు. కనుక దీక్షలో మనుష్యుడు తన్ను తాను కట్టుకొనుచున్నాడు, కట్టు విప్పుకొను దినమును ఎఱిగియున్నాడు. ఇది పూనికలలో అత్యంత స్వచ్ఛమైనది. 1952వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన పొట్టి శ్రీరాములుగారు ఆరంభించిన నిరాహారదీక్ష డిసెంబరు 15వ తేదీన ఆయన మరణముతో ముగిసినది. మఱుసటి అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది. అది మొదలు తెలుగునేలపై ఆ మాటకు ప్రాణమంత బరువు వచ్చినది. బరువైన మాటను అందఱును ఎత్తికొనజూతురు. ఉదయము కాఫీ త్రాగి శిబిరమునకు వచ్చి, సాయంకాలము నిమ్మరసము త్రాగి, మఱునాటి పత్రికలో తమ బొమ్మ వెదకికొను నాయకుల దీక్షలను మనము చాల చూచియున్నాము.

అయినను వంతులవారీగా చేయు దీక్షను, రిలే నిరాహారదీక్ష యని వాడుకలోనున్నదానిని, మొత్తముగా పరిహసించుట తగదు. దీనికి సోంపేటయే సాక్షి. సోంపేట దగ్గఱ సముద్రమునకు సమీపమున బీల యని పిలువబడు చిత్తడినేల గలదు. వానకాలమున నిండును, ఎండకాలమున కొంత తడి నిలుపుకొనును, దాని నీటితో వరి పండింతురు, దానిలో చేపలు పట్టుదురు, దానియంచున పశువులు మేయును. అచ్చట బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమును స్థాపింపబూనినప్పుడు రైతులును మత్స్యకారులును కలిసి దీక్షాశిబిరమును తెఱచిరి. అది కొన్ని సంవత్సరములు నడచినది. వలవేయువాడు సముద్రమునకు పోకున్నచో ఇంట పొయ్యి వెలుగదు. ఊడ్పుల దినమున రైతు పొలము విడువలేడు. కావున ఒక్కడే నెలరోజులు పడుకొనుటకు వీలులేని జనము వ్రతమును చేతినుండి చేతికి అందించుకొనిరి. నేడు ఈ యూరివారు, రేపు ఆ యూరివారు. దీక్ష ఎవనిదియు కాదు, ఆగిపోయినదియు లేదు. దీనిలో పూనకమునకు చోటెక్కడ? రేపు ఎవరి వంతో పలకమీద వ్రాసికొని కూర్చుండు జనమును ఉద్రిక్తులనుట ఎట్లు?

2010వ సంవత్సరము జులై 14వ తేదీన అచ్చట పోలీసు కాల్పులలో ఇద్దఱు మరణించిరి. పత్రికలలో ఉద్రిక్తత యను మాట ధారాళముగా వచ్చినది. ఆ జులైనెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణానుమతిని రద్దుచేసినది. ఆ స్థలము చిత్తడినేల యగుటయే వివాదమునకు కీలకము. ప్రభుత్వపు కాగితములలో నిరుపయోగమైన బీడుగా కనబడినది, ఊరివారి నోట ఏనాటినుండియో బీల. ఈ రెండు మాటలలో ఏది సత్యమో తేల్చుటయే అసలు వ్యాజ్యము. ఆ కేంద్రము అచ్చట నిర్మింపబడలేదు. టెక్కలి సమీపమున కాకరాపల్లి తంపరభూములలోను ఇట్టి తగవే నడచి, 2011వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన కాల్పులలో ఇద్దఱు చనిపోయిరి. ఈ రెండు చోటులను గూర్చి విన్నవారు చాలమందికి జనుల ఆవేశము జ్ఞప్తికి వచ్చును. బీల యనగా ఏమో తెలియదు. ఆవేశమను మాట వాదమును మ్రింగివేయు విధమిది.

మన తరగతివారు తమకై ఉంచుకొనిన మాటలు ఆశయము, ఆదర్శము. వీనిని గూర్చి విస్తరింప నక్కఱలేదు. ఆశయమనగా నిలిచియుండు చోటు. జలాశయము, గర్భాశయము అనుమాటలలో ఆ యర్థము నేటికిని జీవించియున్నది. ఆదర్శమనగా సంస్కృతమున అద్దము. తన్ను చూచుకొను వస్తువు పేరును మనము చేరవలసిన గమ్యమునకు పెట్టితిమి. ఇది ఒక్కొక్కప్పుడు మిక్కిలి సరిగా కుదురుచున్నది. గురజాడ అప్పారావుగారు 1892లో ప్రదర్శింపజేసి, 1909లో పెంచి తిరుగవ్రాసిన కన్యాశుల్కమున గిరీశమును చూడుడు. వితంతూద్వాహమును గూర్చి వాని నోటిలో లేని పెద్దమాట లేదు. ఆ మాటలన్నియు అద్దములే, వాడు ప్రతిదానిలోను తన మొగమునే చూచుకొనును. ఆ నాటకమును చూచి నవ్వినవారిలో సంస్కరణసభల సభ్యులు తక్కువవారు కారు. నాటి సంస్కర్తలను సంస్కరణపిచ్చివారని వీధి వెక్కిరించెడిది. గిరీశమును మాత్రము ఎవరును పిచ్చివాడనరు. పిచ్చి యను మాటకు ఈ యొక్క గౌరవము మిగిలియున్నది: లాభము చూచుకొనువానికి అది తగులదు. ఆదర్శము మాత్రము మన కాలమున ఆదర్శపాఠశాల, ఆదర్శరైతు అని ప్రభుత్వపథకముల నామఫలకములపైకి ఎక్కినది.

పూనికను పూనకమును వేఱుచేయుట అంత సులభమేనా యని చదువరులు అడుగవచ్చును. సులభము కాదు. ఈ జిల్లాలోనే 1967 మొదలు 1970 వఱకు జరిగినదే దానికి నిదర్శనము. 1967వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన గిరిజనసభకు పోవుచున్న వారిపై లేవిడియొద్ద భూస్వామిపక్షమువారు కాల్పులు జరిపి ఇద్దఱు గిరిజనులను చంపిరి. అంతకు ముందు చాల యేండ్లుగా వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఉపాధ్యాయులు గిరిజనులకు కూలిని గూర్చియు, వడ్డీని గూర్చియు, భూమిని గూర్చియు బోధించుచుండిరి. అది పూనిక, దానికి లెక్కలున్నవి, కోరికల జాబితా యున్నది, చట్టము అంగీకరించు వాదమున్నది. అటుపిమ్మట సాయుధపోరాటము. ఉద్దానమున బొడ్డపాడు దానికి కేంద్రములలో నొకటియైనది. గ్రామదేవతల కథలు పాడు జముకును తీసికొని సుబ్బారావు పాణిగ్రాహి పోరాటపు కథలను పాడెను. 1969 డిసెంబరులో ఆయనయు, 1970 జులైలో ఆ యిద్దఱు ఉపాధ్యాయులును పోలీసుల చేతిలో చనిపోయిరి. విప్లవమను మాట అప్పుడు ప్రతియింట వినబడినది. సంస్కృతమున దాని మూలార్థము కొట్టుకొనిపోవుట, చెల్లాచెదరగుట, ఉపద్రవము. తుపాను తీరమువారికి ఆ యర్థమును నిఘంటువు చెప్ప నక్కఱలేదు.

ఈ పోరాటమున భూస్వాములను చంపుటను మేము సమర్థింపము. బంధింపబడినవారిని ఎదురుకాల్పుల పేరున చంపినారను ఆరోపణములను తేలికగా త్రోసివేయుటను అంతకంటెను సమర్థింపము. మేము చూడగోరునది మాటలను. ఒకపక్షము వారిని ఉన్మాదులనినది. మఱియొక పక్షము వారిని అమరులనినది. ఉన్మాదితో వాదించువాడు లేడు. అమరునితో వాదించుట అపచారము. రెండు మాటలును ఒక్కపనినే చేసినవి: ఉపాధ్యాయులు మొదట వ్రాసిన కూలిలెక్కను ప్రక్కకు నెట్టినవి. త్యాగమను మాటకును ఈ దోషము తగులుచున్నది. ఏమి విడిచిరో అది చెప్పును. దేనికై విడిచిరో చెప్పక ఊరకుండును. 1970లోనే గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండ నిషేధించు చట్టమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మఱింత కట్టుదిట్టము చేసినది. కూలిలెక్క పిచ్చివారి వ్రాతయైనచో ఈ చట్టమునకు హేతువేమి?

పూనకమును గూర్చియు ఒక మాట న్యాయముగా చెప్పవలెను. దానిని బుద్ధిహీనతకు మాఱుపేరుగా ఇంతవఱకు వాడితిమి; చదువుకొన్నవారి వాడుక యది. ఈ తీరమునకు ఎగువనున్న కొండలలోని సవరల ఆచారము వేఱు. వారిలో మృతులు పూజారిణి నోట మాటలాడుదురు. ఆమె నిశ్చలముగా కూర్చుండును. ఇంటివారు చుట్టు చేరి చనిపోయినవారిని ప్రశ్నింతురు. ఏల చనిపోయితివి, ఎవరిపై కోపము, అప్పు ఎవరికి తీర్పవలె, పొలము ఎవరికి అని. మృతుడు బదులు చెప్పును, వీరు ఒప్పుకొనరు, మృతుడు మఱల చెప్పును. గంటలకొలది వాదము జరుగును, ఏడ్పును నవ్వును నడుమ నడుమ వచ్చును. మా న్యాయస్థానములలో సాక్షివిచారణ ఇంత ఓపికగా జరుగుట అరుదు. ఇచ్చట పూనకము వాదమును మ్రింగుట లేదు, వాదమునకు చోటిచ్చుచున్నది. పూనినవారి మాటను వినుటకు జనులు సిద్ధముగా నుండుటయే అచ్చటి విశేషము.

సవరభాషను చదువుకొన్నవారికి తెలియజేసిన మహనీయుడు గిడుగు రామమూర్తిగారు. 1863లో పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరలను ఇంట నుంచుకొని వారి భాష నేర్చుకొని, వ్యాకరణమును నిఘంటువును వ్రాసిరి. 1931లో ఒకటియు 1938లో మఱియొకటియు అచ్చైనవి. అడవిజ్వరమునకు మ్రింగిన క్వయినా వలన చెవులు పోయినవని ప్రసిద్ధి. చెవులు పోయిన పిదప కూడ జనుల నోటి తెలుగే వ్రాతలోనికి రావలెనని పట్టుబట్టి, 1940 జనవరిలో మరణించువఱకు పండితులతో పోరాడిరి. ఆయన వాదమును గూర్చి గ్రాంథికభాషలో వ్రాయుచున్నందుకు ఆయన మమ్ము క్షమింతురో లేదో చెప్పలేము. ఆయన పనికి ఏ మాట తగును? ప్రత్యర్థులు మొండిపట్టు అనిరి. అభిమానులు తపస్సనిరి. ఆ నిఘంటువును తెఱచి చూచినచో రెండును కనబడవు. సవరలు ఏ వస్తువును ఏమందురో, ఏ పనిని ఏమందురో, వరుసగా కనబడును.

మందసా కఱ్ఱతగవును గాని, సోంపేట బీలను గాని ఇటుపై వ్రాయబోవువారికి మేము చెప్పునది ఇంతయే. ఆవేశమను మాట కలమునకు వచ్చినప్పుడు దానిని కొట్టివేయనక్కఱలేదు. దాని ప్రక్కనే, వారు అడిగినదేమో, ఎన్నిమాఱు లడిగిరో, ఏ యధికారికి ఏ తేదీన అర్జీ యిచ్చిరో, దానికి వచ్చిన బదులేమో వ్రాయుడు. ఆ అర్జీలలో చాలవఱకు మనవంటివారి చేతివ్రాతలోనే యుండును.